మా స్తెఫను కట్టిన పుట్టిల్లు

నేను రోజారమణిని. జగ్గయ్యపేటలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఊళ్ళో నన్ను తెలియనివాళ్ళు తక్కువ, తెలిసినవాళ్ళలో నా చేత తిట్లు తిననివాళ్ళు ఇంకా తక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇది మా తమ్ముడి గురించి రాస్తున్నది. వాణ్ణి పొగడకుండా రాయడం నా వల్ల కాదు, తిట్టకుండా రాయడం అంతకన్నా కాదు.

మా తమ్ముడి పేరు స్తెఫను. నందిగామలో ఉంటాడు. ఊరు దాటాక హైవే పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఆపరేటరు. మా వైపు రైతులు దాన్ని ఏసీ అంటారు. మిర్చి ఏసీలో పెట్టాం, రేటొస్తే తీస్తాం అని చెప్పుకుంటారు. బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్నా ఆ గోడల లోపల మిర్చి బస్తాలు చల్లగా నిద్రపోతుంటాయి. ఆ నిద్ర చెడకుండా కాపలా కాయడమే మా వాడి ఉద్యోగం. మా నాన్న ఆ స్టోరేజీ యార్డులోనే ముఠా కూలీగా బస్తాలు మోశాడు. స్తెఫను పదో తరగతి తప్పి, మిషన్ రూము ఊడ్చే పనికి చేరాడు. ఇవాళ ఆ మిషన్ దగ్గితే దానికి ఏం జబ్బో గేటు దగ్గరే చెప్పేస్తాడు. కొత్త ఛాంబరు కట్టినప్పుడల్లా గోడలకు థర్మోకోల్ అతికించే పని వాడి చేతుల మీదే జరిగింది. ముప్ఫై ఏళ్ళలో వాడి గోడ చెమర్చిందని ఓనరు ఉమాకాంతం గారు ఒక్కసారి కూడా అనలేదు. ఈ మాట మా వాడు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. నేనూ చెప్పుకుంటాను, దాచడమెందుకు.

వాడి భార్య కృపావతి అంగన్‌వాడీ టీచరు. తల్లీ తండ్రీ ఎవరో తెలియని పిల్ల. చర్చివాళ్ళ మిషన్ హాస్టల్లో పెరిగింది. పెళ్ళి నాడు ఆమె తరఫున నిలబడింది హాస్టలు వార్డెనమ్మే. మనిషి నెమ్మది. పని చేస్తుంటే చీర కుచ్చెళ్ళ చప్పుడు కూడా వినపడదు. అలాంటి మనిషి మనసులో ఒక ముల్లు గుచ్చుకుని ఉందని నాకు చాలా ఏళ్ళ దాకా తెలియలేదు.

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. నెలలు నిండకముందే పిల్లను తీసుకొస్తారు. పురుడు పోస్తారు, పత్యం పెడతారు, బాలింత తేరుకున్నాక సారె పెట్టి బిడ్డతో సహా అత్తారింటికి పంపిస్తారు. ఇందులో హిందువులకూ మాకూ తేడా ఏమీ లేదు. ప్రార్థనలు వేరు గానీ పత్యం ఒకటే. కృపావతికి వెళ్ళడానికి పుట్టిల్లు లేదు కాబట్టి మహిమ పుట్టినప్పుడు పురుడు మా ఇంట్లోనే జరిగింది. మా అమ్మ ఏ లోటూ చేయలేదు. అయితే చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ మంచం పక్కనే నిలబడి, పాపం ఈ పిల్లకు పుట్టిల్లు కూడా లేదే అంది. అన్నావిడ ఇంటికెళ్ళే లోపే మర్చిపోయి ఉంటుంది. కృపావతి మర్చిపోలేదు. తనకు పడ్డ మాట తన కూతురికి పడకూడదని ఆ మంచం మీదే అనుకుందట.

ఆ కూతురే మహిమ. నర్సింగు చదివి హిమాచల్‌లో, కులూ లోయలో ఒక మిషన్ ఆసుపత్రిలో చేరింది. భర్త ఏలీయా మిలిటరీలో ఉన్నాడు. మన కంచికచర్ల పిల్లాడే. ఎక్కడో సరిహద్దు మీద పోస్టింగు, సెలవు దొరకడం దేవుడికెరుక. మహిమకు తొలి కాన్పు. దసరా సెలవుల తరువాత వస్తుందని కృపావతి గదికి సున్నం వేయించింది, పాత మెత్తటి చీరలు చింపి పొత్తిళ్ళు సిద్ధం చేసింది. అప్పుడు ఫోన్ వచ్చింది. గర్భసంచిలో మాయ కిందికి ఉందని, ప్రయాణం చేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని, కాన్పయ్యే దాకా ఆసుపత్రి గేటు దాటి పోవద్దని డాక్టరమ్మ చెప్పింది. కాన్పు జనవరిలో. అంటే అక్కడ మంచు కురిసే రోజుల్లో.

కృపావతి ఏడవలేదు. ఫోన్ పక్కన పెట్టి చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఏరిన పప్పునే మళ్ళీ ఏరింది. మా తమ్ముడు అది చూశాడు.

ఆ ఆదివారం చర్చి అవగానే జగ్గయ్యపేట బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. పిల్ల పుట్టింటికి రాలేకపోతే పుట్టింటినే పిల్ల దగ్గరికి తీసుకెళ్దామన్నాడు. నాకు అర్థం కాలేదు. పాత మినీ బస్సొకటి కొని దాన్ని ఇల్లుగా మార్చి, కొండల్లోకి తీసుకెళ్ళి, ఆసుపత్రి ఆవరణలో పెట్టి, చలికాలమంతా అందులో ఉండి పురుడు పోయాలట. ఆసుపత్రివాళ్ళు ఆవరణలో చోటిస్తామన్నారట. నాకు ఒళ్ళు మండింది. మంచులో బస్సులో కాపురమేమిట్రా, మతి ఉండే మాట్లాడుతున్నావా, అక్కడ ఒక గది అద్దెకు తీసుకుంటే పోదా అని కడిగేశాను. వాడు నా కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"అద్దె గది పుట్టిల్లు ఎట్టా అవుద్దక్కా? ఆ ఇంటి వాళ్ళు రేపు ఖాళీ చేయమంటే చేయాలి. అది మన గడప కాదు. కృపకి గడప కావాలి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం వాడు. అయినా ఆ గడప మాట విన్నాక నేనే దిగొచ్చాను. సరే, బస్సు తెచ్చి మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెట్టుకో, ఎండకి చెట్టుంది, కరెంటు నేనిస్తాను అన్నాను.

బస్సు దొరికింది. ఏదో బడికి చాలా కాలం పిల్లల్ని మోసిన పసుపుపచ్చ మినీ బస్సు. సీట్లు చిరిగాయి గానీ ఇంజను మంచిదని లారీ డ్రైవరు సతీష్‌బాబు పరీక్ష చేసి చెప్పాడు. ఈ సతీష్‌బాబు నా దగ్గర చదువుకున్నవాడే. సిమెంటు లోడ్లు, ఆపిల్ లోడ్లు అని దేశమంతా తిరిగాడు. కొండ రోడ్లు తెలిసినవాడు కాబట్టి మాతో స్టీరింగు పట్టడానికి ఒప్పుకున్నాడు. సీట్లన్నీ పీకించి, కాగితాల కోసం బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి ఆఫీసు చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకున్నాడు మా వాడు. ఆ తిరుగుడు గురించి రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. బస్సు నెత్తి మీద ఊరి పేరు రాసే బోర్డు ఖాళీగా ఉంటే పెయింటర్ని పిలిచి 'నందిగామ' అని రాయించాడు. ఎటు వెళ్ళినా బోర్డు అదేనన్నమాట.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. బస్సులో ఇల్లు కట్టి చూడు అనాలని వాళ్ళకు తోచలేదు. పొద్దున స్టోరేజీలో డ్యూటీ, సాయంత్రం నా గుమ్మంలో సుత్తి చప్పుడు. చలి గురించి మా వీధిలో తెలిసినవాళ్ళెవరూ లేరు. మాకు తెలిసిందల్లా ఎండ. అందుకని తలా ఒక సలహా ఇచ్చారు. రగ్గులు కప్పుకుంటే చాలని ఒకరు, బస్సుకే రగ్గు కప్పమని ఒకరు. స్తెఫను నవ్వి ఊరుకునేవాడు. వాడికో ధీమా ఉంది. చలిని లోపల పెట్టి తాళం వేయడం ముప్ఫై ఏళ్ళుగా నా పని, ఇప్పుడు చలిని బయట పెట్టి తాళం వేయాలి, గోడ అదేగా అనేవాడు. నేను ఇంకా ఏదో చెప్పబోతే, పుట్టింటి సంగతులు మేనమామకు చెప్పినట్టు చెబుతున్నావక్కా అని వెక్కిరించేవాడు.

నిజానికి వాడు ఆలోచించిన తీరు చూస్తే ముచ్చటేసేది. నేల మీద థర్మోకోల్, దాని మీద ప్లైవుడ్, దాని మీద మా అమ్మ నాటి జంపఖానా. కిటికీలకు లోపల మరో వరస అద్దాలు. నీళ్ళ ట్యాంకు బస్సు కింద పెడితే గడ్డకట్టి రాయవుతుందని మంచం కింద, లోపలే పెట్టాడు. గొట్టాలకు మెత్త చుట్టాడు. తలుపు తీసినప్పుడల్లా చలి దూరకుండా, స్టోరేజీలో ఛాంబరు గుమ్మానికి వేలాడే దళసరి ప్లాస్టిక్ పట్టీల తెరలాంటిదే ఇక్కడా వేలాడదీశాడు. వేడికి డీజిల్‌తో నడిచే చిన్న హీటరు తెప్పించాడు. దాని గాలీ బయటి నుంచే, పొగా బయటికే. ఇక్కడి డీజిల్ పైన చలికి గడ్డకడుతుందని, కొండెక్కే ముందు అక్కడ అమ్మే చలికాలపు డీజిల్ నింపాలని సతీష్‌బాబు చెప్పాడు. అదీ గుర్తు పెట్టుకున్నాడు.

ఒక్క విషయంలో మాత్రం నాకూ వాడికీ పెద్ద గొడవైంది. బాలింత గదిలో కుంపటి ఉండాలి, సాంబ్రాణి పొగ ఉండాలి. మా అమ్మ నాకు వేసింది, కృపావతికి వేసింది. నేను మట్టి కుంపటి కొని, బొగ్గులు గోతంలో కట్టి బస్సులో పెట్టాను. వాడు దాన్ని దించేశాడు. నేను మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ దించాడు. ఇంత బిగించిన డబ్బాలో నిప్పు పెడితే ఆ గాలికి పొద్దున్నే ఎవరూ లేవరన్నాడు. విషపు గాలి పుడితే కుయ్యోమని అరిచే చిన్న యంత్రమొకటి తెచ్చి గోడకు తగిలించి, కుంపటి పెట్టిన రోజు ఇది అరుస్తుంది, అది అరవకపోతే నేను అరుస్తా అన్నాడు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. వేడినీళ్ళ సంచులు కొనుక్కున్నాను. సాంబ్రాణి డబ్బా మాత్రం ఒళ్ళు మండి నా పెట్టెలో అడుగున దాచాను.

నవంబరు వచ్చేసరికి బస్సు ఇల్లయింది. తెల్లటి గోడలు, మంచం, స్టవ్వు, మూలన చిన్న అలమర, కిటికీ పక్కన కొక్కేనికి మహిమ ఊగిన పాత చెక్క ఉయ్యాల. కృపావతి గుమ్మానికి పసుపు రాసి, మా పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించింది. పసుపేమిటమ్మా అని ఆయన అడిగితే, గడపండి అంది. అంతే, ఆయన ప్రార్థన మొదలుపెట్టారు.

అయితే చలికి కట్టిన ఇల్లు చలికి తట్టుకుంటుందో లేదో నందిగామలో తేలేదెట్లా? మాకు నవంబరులో కూడా ఫ్యాన్ తిరగాల్సిందే. స్తెఫను ఉమాకాంతం గారిని అడిగాడు. ఆ రోజులకు స్టోరేజీలో మిర్చి చాలావరకు వెళ్ళిపోతుంది, కొత్త పంట ఇంకా రాదు. కొత్తగా కట్టిన మూడో ఛాంబరు ఖాళీగా ఉంది, ఫోర్క్‌లిఫ్టు కోసమని దాని గుమ్మం వెడల్పుగా పెట్టారు. ఉమాకాంతం గారు ముందు నవ్వారు, నా మిర్చికి చలి పెట్టినవాడివి ఇప్పుడు మీ ఆవిడకి పెడతావా అన్నారు. తరువాత తాళాలు ఇచ్చారు. అద్దాలు మడిచి, ముఠా కూలీలంతా అటూ ఇటూ నిలబడి అదిగో ఇదిగో అంటుంటే, బస్సు బెత్తెడు సందుతో లోపలికి దూరింది. హీటరు పొగ మూసిన ఛాంబరులో వదలకూడదని ఆ పరీక్షకు కరెంటు హీటరు పెట్టి, మిషన్ ఆన్ చేసి, మిర్చికి ఉంచే చలి కన్నా బాగా కిందికి దించాడు.

ఆ నాలుగు రోజులూ పగలంతా నేనూ కృపావతీ స్వెట్టర్లు వేసుకుని ఛాంబరులో బస్సెక్కి సంసారం చేశాం. బయట నిలబడితే పళ్ళు టకటకా కొట్టుకునేవి. లోపల మాత్రం హాయి. అన్నం వండాం, నీళ్ళు మరిగించాం, పొత్తిళ్ళు ఉతికి తాడు మీద ఆరేశాం. స్తెఫను గంటకోసారి వచ్చి గోడలు చూసి మీసం సవరించుకుని వెళ్ళేవాడు. ముఠా కూలీలకు ఛాయ్ తాగించి మరీ గొప్పలు చెప్పాడు.

నాలుగో రోజు కృపావతి ఉయ్యాలలో పరిచిన బొంత సరిచేస్తూ ఆగిపోయింది. బొంత అంచు తడిగా ఉంది. ఉయ్యాల పక్క గోడకు చెయ్యి ఆనించింది. చెయ్యి తడిసింది. మరలు బిగించిన చోటల్లా నీటి చుక్కలు నిలబడి ఉన్నాయి. కింద ప్లైవుడ్ అంచు నల్లబడి ఉబ్బింది. నాకేసి చూసి, స్తెఫనును కేకేసింది.

వాడు వచ్చి మరలు తీసి చెక్క ఊడదీశాడు. థర్మోకోల్ ముక్కల సందుల్లో నీళ్ళు. వాటిని తీస్తే, వెనక బస్సు రేకుకు అతికించిన పాలిథీన్ మీద నీళ్ళు ధారలు కట్టి కారుతున్నాయి. మరో చెక్క తీశాడు. అక్కడా అంతే. వాడు ఆ పాలిథీన్ వైపు చూస్తూ నేల మీద చతికిలపడ్డాడు. వాడి మొహం అంతగా పాలిపోవడం నేను మా నాన్న పోయిన రోజే చూశాను.

విషయమేమిటో తరువాత చెప్పాడు. కోల్డ్ స్టోరేజీలో చెమ్మ బయటి వేడి గాలిలో ఉంటుంది. అది లోపలికి రాకుండా ముందు గోడకు తారు పూసి పాలిథీన్ అతికిస్తారు, దాని మీద థర్మోకోల్. బస్సు సంగతి వేరు. అక్కడ వేడి లోపల ఉంటుంది, మన ఊపిరి, వంట ఆవిరి, తడిబట్టలు, చెమ్మంతా లోపలే. అది థర్మోకోల్ సందుల్లోంచి వెళ్ళి చల్లటి రేకు దగ్గర నీళ్ళవుతుంది. అందుకని పాలిథీన్ లోపలి వైపు రావాలి. చలిని బయట పెట్టి తాళం వేయాలి అన్నవాడికే, పని మొదలెట్టగానే చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. ముందు తారు, పాలిథీన్, ఆ తరువాత థర్మోకోల్. ముప్ఫై ఏళ్ళు ఒక్క చుక్క కారనివ్వని చెయ్యే ఈ తప్పు చేయగలదు. వేరేవాడెవడైనా అయితే పాలిథీన్ అన్నదే పెట్టి ఉండడు.

ఉన్నది ఉన్నట్టు కొండెక్కితే నెల తిరక్కుండా గోడలన్నీ బూజు పడతాయి, పసిబిడ్డ ఆ గాలే పీల్చాలి. అంతా విప్పి మళ్ళీ కట్టాలంటే బయలుదేరే రోజు దగ్గరికొచ్చేసింది. ఇంకా ఆలస్యమైతే పైన మంచు ఎక్కువవుతుంది, మహిమకు నెలలు నిండుతాయి. స్తెఫను తల పట్టుకుని, ఇక కాదు కృపా, రైలెక్కి వెళ్దాం, గదే చూసుకుందాం అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నా నాలుక చివరిదాకా వచ్చింది, దేవుడి దయ, ఆగింది.

కృపావతి వంగి నేల మీది స్క్రూడ్రైవరు తీసింది. నెమ్మదైన మనిషి కదా, గొంతు కూడా పెంచలేదు.

"మీరు ముప్ఫై ఏళ్ళు ఉమాకాంతం గారి మిర్చికి ఇల్లు కట్టారు. అందులో ఒక్క కాయ పాడవలేదు. నా కూతురికి ఒక్కసారి కడుతున్నారు. తడిసిందని వదిలేస్తారా? లేవండి. విప్పుదాం."

విప్పడం మొదలుపెట్టేసింది. చేత్తో మరలు తిప్పుతూ ఒక్కో చెక్కా దించుతుంటే ఈ ఇంటి మనిషి నాకు అప్పుడే కొత్తగా పరిచయమైనట్టు అనిపించింది. మేం ఆడపడుచులం, అత్తలం, అంతా ఆమెను నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాం. గర్వంతో నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

స్తెఫను లేచాడు. బస్సును ఛాంబరులోంచి యార్డులోకి తెచ్చారు. సాయంత్రానికి కబురు పాకింది. మా నాన్నతో కలిసి బస్తాలు మోసిన ముసలివాళ్ళ కొడుకులు, ఇప్పటి ముఠా కూలీలు, పిలవకుండానే వచ్చారు. వాళ్ళకు మిర్చి సీజను కాదు, చేతులు ఖాళీ. థర్మోకోల్ ముక్కలు వడియాలు ఆరబెట్టినట్టు యార్డంతా ఎండలో పరిచారు. పాడైనవాటి బదులు ఉమాకాంతం గారు స్టోరులో మిగిలినవి ఇచ్చారు. చెక్కలు, మా నాన్న రోజుల నుంచీ యార్డులో పనిచేస్తున్న రత్తమ్మ అనే ఆవిడ గుడ్డతో తుడిచి తుడిచి ఆరబెట్టింది. మా నాన్న ఈ యార్డులో బస్తా దించి కూర్చున్న మూల ఏదో ఆ రత్తమ్మకు తెలుసు. అక్కడే కూర్చుని తుడిచింది.

ఈసారి స్తెఫను ప్రతి ముక్కా పెట్టేముందు ఏ వైపు లోపలో గుర్తుండటానికి తన అరచెయ్యి బస్సు లోపలి వైపుకి తిప్పి చూసుకునేవాడు. రేకు, థర్మోకోల్, ఆపైన పాలిథీన్, అతుకుల మీద టేపు, ఆపైన చెక్క. ఆవిరి బయటికి పోవడానికి పైకప్పులో చిన్న ఫ్యాన్ కూడా బిగించాడు. మళ్ళీ ఛాంబరులో పెట్టారు. మళ్ళీ వండాం, మరిగించాం, ఆరేశాం. ఆఖరి రోజు మధ్యాహ్నం కృపావతి ఉయ్యాల పక్క గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. తీసి మా తమ్ముడి ముందు చాపింది. పొడి చెయ్యి. వాడు ఆ చెయ్యి పట్టుకుని నలుగురి ముందే కళ్ళకద్దుకున్నాడు. ముఠా కూలీలు ఈల వేశారు.

డిసెంబరు మొదట్లో బయలుదేరాం. చిల్లకల్లు టోల్ గేటు దగ్గరే మొదటి పేచీ. లోపల మంచం, ఉయ్యాల చూసి, ఇది బస్సా ఇల్లా అని అడిగాడు టోల్ పిల్లాడు. మా పుట్టిల్లు, కూతురి దగ్గరికి పోతోంది అన్నాను. వాడు నా మొహం చూసి, ఈవిడతో ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడేమో, గేటెత్తాడు. దేశమంతా దాటుకుంటూ, స్తెఫనూ సతీష్‌బాబూ మార్చి మార్చి నడుపుతూ, కింద మైదానం చివర చలికాలపు డీజిల్ నింపుకుని, కొండెక్కాం. సతీష్‌బాబు మమ్మల్ని ఆసుపత్రి ఆవరణలో దింపి బస్సు కదలకుండా రాళ్ళు పెట్టి రైలెక్కి వెళ్ళిపోయాడు.

మహిమ నర్సుల హాస్టల్లోంచి శాలువా కప్పుకుని, ఇంకో నర్సు చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చింది. ముందు నెత్తి మీది బోర్డు చదివింది. తరువాత గుమ్మానికి రాసిన పసుపు చూసింది. ఆ పిల్ల నవ్విందా ఏడ్చిందా అంటే రెండూ చేసింది. కృపావతి మెట్టు మీద నిలబడి, కుడికాలు పెట్టి రామ్మా, ఇంటికొచ్చావు అంది.

తరువాతి రోజుల గురించి గొప్పలు చెప్పుకోవాలంటే నాకు చాలా ఉన్నాయి. మంచు మోకాలి ఎత్తున పడింది. స్తెఫను రోజూ నిచ్చెనేసుకుని పైకప్పు మీది మంచు గెంటేవాడు. బయట బకెట్లో మర్చిపోయిన నీళ్ళు రాయైపోయాయి. లోపల ట్యాంకులో నీళ్ళు గోరువెచ్చగానే ఉండేవి. డాక్టరమ్మ ఒకసారి టీకి వచ్చి, నా క్వార్టర్సు కన్నా ఇదే వెచ్చగా ఉందని చెప్పులు విప్పి జంపఖానా మీద కూర్చుంది. మా వాడు అది విని రెండు రోజులు నిటారుగా నడిచాడు. కృపావతి రోజూ లేవగానే చేసే మొదటి పని ఉయ్యాల పక్క గోడకు చెయ్యి ఆనించడం. పొడిగా ఉంది వదినా అని చెప్పి, అప్పుడు ప్రార్థనకు కూర్చునేది.

జనవరిలో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఆసుపత్రి నుంచి విడుదల చేసిన రోజున పొత్తిళ్ళలో చుట్టి మంచు మీద జాగ్రత్తగా నడిచి బస్సులోకి తెచ్చాం. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, నేను ఇంటి నుంచి చేసి తెచ్చిన బాలింత కాయం ముద్ద, అన్నీ పద్ధతిగా జరిగాయి. వేడినీళ్ళు కాచి కాళ్ళ మీద బిడ్డను బోర్లా వేసుకుని నీళ్ళు పోసింది నేనే. బిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే ఆవరణంతా వినబడేది. సాంబ్రాణి డబ్బా అలాగే పెట్టెలో ఉండిపోయింది. ఓడిపోయానని ఒప్పుకోను, మర్చిపోయానని చెబుతున్నాను.

మార్చి వచ్చేసరికి మంచు తెరిపి ఇచ్చింది. స్తెఫనుకు ఉమాకాంతం గారి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కొత్త మిర్చి వస్తోంది, మిషన్ వేయాలి, ఎప్పుడొస్తావని. సతీష్‌బాబు కూడా వచ్చి రెడీగా కూర్చున్నాడు. ఏలీయాకు సెలవు ఇంకో వారం దాకా లేదు. మనం బయలుదేరదాం, అల్లుడొచ్చి తీసుకెళ్తాడు, అందాకా హాస్టల్లో ఉంటుంది అన్నాడు స్తెఫను. కృపావతి కదలనివ్వలేదు. కూతురు పుట్టింటి నుంచి వెళ్ళాలి గానీ పుట్టిల్లు కూతుర్ని దింపి వెళ్ళిపోతుందా అంది. ఉమాకాంతం గారికి ఫోన్ నేనే చేసి, నా పద్ధతిలో చెప్పాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఏలీయా వచ్చాడు. ఆసుపత్రి జీపు మాట్లాడుకున్నాడు. కింద మైదానంలో ఉండే ఫ్యామిలీ క్వార్టర్సుకు తల్లినీ బిడ్డనూ తీసుకెళ్ళాలి. కృపావతి ముందురోజంతా ఆ బుల్లి స్టవ్వు మీద సున్నుండలు, అరిసెలు చేసింది. సారె మూట కట్టింది. మహిమకు కొత్త చీర పెట్టి, తల నిమిరి ప్రార్థన చేసి, మెట్టు దింపింది. మేం ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. జీపు కదిలింది, గేటు దాటి మలుపు తిరగబోతుండగా మహిమ బిడ్డను గుండెకు అదుముకుని కిటికీలోంచి తల బయట పెట్టి బస్సు వైపు చూసింది. జీపు కనపడకుండా పోయే దాకా చూస్తూనే ఉంది.

కృపావతి ఉయ్యాల పక్క గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూసావా వదినా, మహిమ వెనక్కి తిరిగి చూసింది. ఏ ఊళ్ళో అయినా పుట్టింటి నుంచి వెళ్ళే ఆడపిల్లలు అలాగే చూస్తారు. నేను జీవితంలో ఒక్కసారి కూడా అలా చూడలేదు. చూడ్డానికి నా వెనకాల ఏమీ ఉండేది కాదు."

స్తెఫను కిందికి దిగి చక్రాల కింది రాళ్ళు తీశాడు.